కలంకారీ వెనుక కష్టాన్ని గుర్తించిన కమలాదేవి

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రంపై రాముడి నీలివర్ణం, రావణుడి పది తలలు చూపరులను ఇట్టే ఆకట్టుకుంటాయి. ఆ రంగు వెనుక ఉన్న రోజుల తరబడి శ్రమ మాత్రం కంటికి కనిపించదు. ఆ శ్రమను గుర్తించి, అంతరించిపోయే దశకు చేరిన కళకు అండగా నిలిచిన వ్యక్తి కమలాదేవి చటోపాధ్యాయ.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో జన్మించారు. చిన్న వయసులోనే వైధవ్యం పొందినా చదువు మానలేదు. సరోజినీ నాయుడు సోదరుడు, హైదరాబాదులో పుట్టిన కవి హరీంద్రనాథ్‌ను వివాహం చేసుకున్నారు. వితంతు వివాహాన్ని సమాజం హర్షించని కాలమది. 1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికల్లో పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. దేశ విభజన అనంతరం ఫరీదాబాదులో కాందిశీకుల పునరావాసానికి కృషి చేశారు. చేతిలో పని ఉంటేనే మనిషి నిలదొక్కుకోగలడన్న నమ్మకం ఆమె తదుపరి జీవితానికి దారి చూపింది.

1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి ఆమె సారథ్యం వహించారు. అప్పటికి శ్రీకాళహస్తిలో కలంకారీ క్షీణదశలో ఉంది. ఆలయాలకు తెరలు వేయించే పోషకులు తగ్గారు. మిల్లు గుడ్డ, రసాయన రంగులు మార్కెట్టును ఆక్రమించాయి. వారాల తరబడి పనిచేసే చిత్రకారుడికి కూలి గిట్టుబాటు కాని పరిస్థితి. కమలాదేవి చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. జొన్నలగడ్డ లక్ష్మయ్య అందులో గురువుగా యువకులకు విద్య నేర్పారు.

ఆ విద్య గీతతో మొదలు కాదు. ముందుగా ముతక నూలు గుడ్డలోని గంజి పోయేలా ఉతకాలి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు సిరా పాకకుండా ఆపుతుంది. చింతపుల్లల బొగ్గుతో తొలి రూపురేఖలు గీస్తారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారంతో కట్టినదే కలం. బెల్లం, ఇనుప ముక్కలను నీటిలో కొన్ని వారాలు పులియబెడితే కసిం తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది.

ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, పారే నీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేళ్లు, చెక్కలతో మరిగిస్తారు. పటిక ఉన్నచోటే రంగు పట్టుకుంటుంది. మిగిలిన భాగాన్ని పేడనీటిలో నానబెట్టి, ఎండలో నీరు చల్లుతూ తెల్లబరుస్తారు. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు వాడతారు. స్వర్ణముఖి నదిలో నీరు పారడం కూడా ఈ కళకు ముడిసరుకే. ఏరు ఎండితే పని ఆగుతుంది. రామాయణ, భారత గాథల్ని గడులు గడులుగా గీసి, అడుగున తెలుగు అక్షరాలు రాసేవారి పేరు మాత్రం తెరపై అరుదుగా కనిపించేది.

ఈ అజ్ఞాత స్థితిని మార్చడమే కమలాదేవి కృషిలో ప్రధానాంశం. చేతివృత్తుల వారికి జాతీయ పురస్కారాలు, మార్కెట్టు వసతులు కల్పించేందుకు ఆమె పాటుపడ్డారు. 1966లో రామన్ మెగసెసే పురస్కారం, 1987లో పద్మ విభూషణ్ అందుకున్నారు. 1988 అక్టోబర్ 29న కన్నుమూశారు.

లక్ష్మయ్య కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. పేరు లేకుండా పనిచేసిన పనివారి పరంపరకు దక్కిన గౌరవమది. అయితే తెరపై ముద్రించిన నకలు గుడ్డలు చౌకగా దొరుకుతున్న నేడు అసలు కలంకారీకి పోటీ తప్పడం లేదు. కొనేవారు ధరతోపాటు ఆ గుడ్డ వెనుక ఉన్న నీటిని, ఎండను, చేతులను కూడా లెక్కలోకి తీసుకుంటేనే కమలాదేవి ప్రారంభించిన పని కొనసాగుతుంది.