సురవరము ప్రతాపరెడ్డి

చరిత్ర యనగానే మనకు రాజులు, యుద్ధములు, పట్టాభిషేకములు జ్ఞప్తికి వచ్చును. ఏ రాజు ఏ సంవత్సరమున ఏ కోటను ముట్టడించెనో కంఠస్థము చేయుట విద్యార్థులకు పరిపాటి. కాని ఆ కోట క్రింది పల్లెలో ఆనాటి రైతు ఏమి తినెను? ఏ బట్ట కట్టెను? అతని పిల్లలు ఏ యాటలాడిరి? ఈ ప్రశ్నలు వేసికొని, వానికి సమాధానము వెదకుటకై వందల సంవత్సరముల కావ్యములను గాలించిన తెలుగు చరిత్రకారుడు సురవరము ప్రతాపరెడ్డిగారు. ఆయన న్యాయశాస్త్రము చదివి, పత్రిక నడిపి, చివరకు శాసనసభ్యుడు కూడ అయ్యెను.

ఆయన 1896వ సంవత్సరము మే 28వ తేదీన జన్మించెను. స్వగ్రామము నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. తుంగభద్రకు ఆవలి యొడ్డున నున్న కర్నూలులో చదువు సాగినది. అచ్చట వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృత కావ్యములు నేర్చెను. తరువాత హైదరాబాదులోని నిజాం కళాశాలలోను, మదరాసులోను చదివి బి.ఏ., బి.ఎల్. పట్టములు పొందెను. వకీలు వృత్తిలో కుదురుకొని ధనము గడింపవలెనన్న ఆయనకు అడ్డేమియు లేకుండెను. ఆయన మనస్సు మాత్రము మరియొక వైపునకు పోయినది.

ఆ కాలపు హైదరాబాదు రాష్ట్రస్థితిని కొంత తెలిసికొననిదే ఆయన చేసిన పని విలువ బోధపడదు. నేడు విమానములు దిగు శంషాబాదు, దాని చేరువనున్న మహేశ్వరము మొదలుకొని గోదావరి తీరము వరకుగల తెలుగు పల్లెలన్నియు నిజాము ప్రభువు ఏలుబడిలో నుండెను. ప్రజలు ఇంట మాటాడునది తెలుగు. కచ్చేరీలోను, న్యాయస్థానములోను నడచునది ఉర్దూ. ఉన్నత విద్యయు చాలవరకు ఉర్దూలోనే. రైతు తన భూమిని గూర్చి సర్కారు పంపిన కాగితమును తాను చదువుకొనజాలక, చదువగలవాని గుమ్మము ముందు నిలువవలసి వచ్చెడిది. 1921వ సంవత్సరము నవంబరులో హైదరాబాదు నగరమున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. మనస్సు నొచ్చుకొన్న తెలుగువారు కొందరు వెంటనే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు ఆ యుద్యమమునకు పెద్దదిక్కయిరి.

ఇట్టి వాతావరణములో 1926వ సంవత్సరము మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడెను. అది మొదట వారమునకు రెండుమారులు వచ్చెడిది. వ్రాయువారు తక్కువ, చందాదారులు తక్కువ, సర్కారువారి అనుమానము మాత్రము ఎక్కువ. తొలిదినములలో వ్యాసము వ్రాయుట మొదలు అచ్చుతప్పులు దిద్దుట వరకు భారమంతయు దాదాపు ఆయన భుజములమీదనే పడినది. తెలుగు పాఠశాలల కొరతను, రైతులపైబడు వెట్టిచాకిరిని, గ్రంథాలయముల అవసరమును గూర్చి ఆయన జంకులేక వ్రాసెను. సభ జరుపుటకే అనుమతి కావలసిన ఆ రాజ్యములో అట్లు వ్రాయుట చిన్నపని కాదు.

ఆ పత్రిక మూలమున జరిగిన ఒక సంగతి చెప్పవలసియున్నది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు సున్న యను భావము వచ్చునట్లు ఒక పండితుడు వ్రాసెను. ఆ మాట ఎందరికో కోపము తెప్పించినది. కోపము వచ్చినవాడు సాధారణముగా ఘాటైన జవాబు వ్రాసి ఊరకుండును. ప్రతాపరెడ్డిగారు అట్లు చేయలేదు. కవులు తమ పద్యములను, తమ వివరములను పంపవలసినదని కోరిరి. పల్లెపల్లెనుండి జాబులు వచ్చినవి. ఏ ముద్రణాలయము మొగము నెరుగని కవులు, తమ ఊరి పొలిమేర దాటి పేరు వినబడనివారు పద్యములు పంపిరి. వానినన్నిటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక యను పేర ప్రచురించిరి. అందు చోటు పొందిన కవులు 354 మంది! సున్న యన్నవారికి ఇంతకన్న మర్యాదగల జవాబు మరియొకటి యుండునా?

అంతకు పూర్వమే 1930 మార్చిలో మెదకు మండలములోని జోగిపేటలో ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగెను. దానికి అధ్యక్షుడు ప్రతాపరెడ్డిగారే. అప్పుడాయన వయస్సు ముప్పదినాలుగేండ్లు కూడ నిండలేదు. ఆ సభతోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీలసభయు జరుగుట విశేషము.

ఇక ఆయన పేరు నిలిపిన గ్రంథము సంగతి. అది ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వెలువడినది. రాజుల చరిత్రకు శాసనములు కలవు. సామాన్యుని చరిత్రకు శాసనమెవరు వేయింతురు? కనుక ఆయన కావ్యములనే శాసనములుగా చేసికొనెను. మనము వర్ణన యని దాటవేయు పద్యమునందు ఆయనకు ఒక తినుబండారము పేరో, ఒక నగయో, ఒక పన్నుయో కనబడెడిది. క్రీడాభిరామమునుండి కాకతీయుల ఓరుగల్లు వీధులను, పూటకూటి యింటి భోజనమును, వీథిలో పల్నాటి వీరుల కథ పాడు స్త్రీని చూపెను. పాల్కురికి సోమనాథుని రచనలనుండి శైవుల ఆచారములను, ఆముక్తమాల్యదనుండి విజయనగర కాలపు పల్లెబ్రదుకును, హంసవింశతి, శుకసప్తతులనుండి తరువాతి కాలపు వృత్తులను, ఆటలను ఏరి కూర్చెను. కవి అతిశయోక్తి చెప్పును గదా యని మీరు అడుగవచ్చును. రాజు ప్రతాపమును వర్ణించునపుడు నిజమే. రైతు ఇంటి అటుకమీది వస్తువులను చెప్పునపుడు కవికి అబద్ధమాడవలసిన పనియేమి?

ఈ పనిలో ఆయనకు నిఘంటువులు మిక్కిలి విసుగు పుట్టించినవి. ఒక పదమునకు అర్థము వెదకినచో ఒక విధమైన ఆట యనియో, ఒక పక్షివిశేష మనియో మాత్రము వ్రాసియుండెడిది. ఆ యాట ఎట్లాడుదురో, ఆ పక్షి యెట్లుండునో యుండదు. అట్టి పదములను గూర్చి తెలిసినవారిని అడిగి తెలిసికొనుట, అయినను తెలియనిచో తనకు తెలియదని గ్రంథములోనే ఒప్పుకొనుట ఆయన పద్ధతి. తూర్పు చాళుక్యుల కాలము మొదలు ఇరువదవ శతాబ్ది ప్రారంభము వరకు ఇట్లు వ్రాసికొనివచ్చెను. మెచ్చదగినదానిని మెచ్చుటయే గాక, మూఢాచారములు కనబడినచోట పూర్వులని చూడక గట్టిగా మందలించెను.

ఆయన ఇతర రచనలును కొన్ని కలవు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు వానిలో ముఖ్యములు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ప్రతాపరెడ్డిగారు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యెను. తెలుగున మాటాడబోయిన వానిని గేలిచేసిన నగరముననే, తెలుగు ప్రజలు వోట్లువేసి పంపగా, ఆయన సభలో కూర్చుండెను. ఆ పదవిలో ఎక్కువకాలము ఉండు భాగ్యము మాత్రము కలుగలేదు. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల వయస్సున, ఆయన మరణించెను.

కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తొలిసారిగా బహుమానములు ప్రకటించినపుడు తెలుగునకు ఎన్నుకొన్న పుస్తకము ఆంధ్రుల సాంఘిక చరిత్రయే. అందుకొనుటకు గ్రంథకర్త లేడు. పుస్తకము మాత్రము మరల మరల అచ్చగుచునే యున్నది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టుచు తెలంగాణ శాసనసభ 2025లో చట్టము చేసెను.