ఆల్డో లియోపోల్డ్

ఆల్డో లియోపోల్డ్ (జనవరి 11, 1887 - ఏప్రిల్ 21, 1948) అమెరికాకు చెందిన అటవీ శాస్త్రవేత్త, రచయిత. నేల, నీరు, మొక్కలు, జంతువుల పట్ల కూడా మనిషికి నైతిక బాధ్యత ఉన్నదని ఈయన వాదించాడు. ఈ భావనకే భూనీతి అని పేరు.

బాల్యం, ఉద్యోగం

లియోపోల్డ్ అయోవా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున గల బర్లింగ్టన్‌లో జన్మించాడు. 1909లో యేల్ విశ్వవిద్యాలయం నుండి అటవీశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొంది, అదే సంవత్సరం ప్రభుత్వ అటవీశాఖలో చేరాడు. తోడేళ్ళు తగ్గితే వేటకు జింకలు పెరుగుతాయని నాటి అధికారుల వలెనే నమ్మి, తోడేళ్ళ నిర్మూలనను సమర్థించాడు. ఆ రోజులలో తోటివారితో కలిసి ఒక ఆడ తోడేలును కాల్చి, అది మరణించడం దగ్గరగా చూశాడు. తరువాతి కాలంలో తోడేళ్ళు లేని కొండలలో జింకలు మితిమీరి పెరిగి, పచ్చదనాన్నంతా మేసి, చివరకు ఆకలితో చనిపోవడం గమనించి తన పొరపాటును గ్రహించాడు. 1944లో ఆ పొరపాటును ఒప్పుకుంటూ వ్యాసం వ్రాశాడు.

1924లో ఈయన కృషి ఫలితంగా న్యూ మెక్సికోలోని గీలా అడవిలో కొంత భాగాన్ని రోడ్లు వేయకుండా సహజస్థితిలోనే ఉంచాలని అటవీశాఖ నిర్ణయించింది. ఆ దేశంలో ఇటువంటి రక్షణ పొందిన మొదటి ప్రాంతం ఇదే.

భూనీతి

1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1935లో సారం కోల్పోయిన ఒక పొలాన్ని కొని, కుటుంబంతో కలిసి వేలాది మొక్కలు నాటాడు.

నేలకోతను అరికట్టడానికి విస్కాన్సిన్ శాసనసభ 1937లో ఒక చట్టం చేసి, భూవినియోగ నియమాలను వ్రాసుకొనే అధికారాన్ని రైతులకే ఇచ్చింది. పదేళ్ళు గడచినా ఏ కౌంటీ కూడా ఒక్క నియమమైనా వ్రాయలేదని, రైతులు వెంటనే లాభమిచ్చే పద్ధతులను మాత్రమే పాటించారని లియోపోల్డ్ గుర్తించాడు. అంతరాత్మలో బాధ్యత లేనిచోట చట్టం నిలువలేదన్నది ఆయన అభిప్రాయం. ఒకప్పుడు బానిసలను ఆస్తిగా భావించిన సమాజం క్రమంగా ఆ దృష్టిని విడిచినట్లే, భూమిని కేవలం ఆస్తిగా చూసే దృష్టి కూడా మారాలని ఆయన వాదించాడు.

మరణం, ప్రభావం

1948లో పొరుగువారి పొలంలో రేగిన గడ్డిమంటలను ఆర్పుతుండగా గుండెపోటుతో మరణించాడు. భూనీతి వ్యాసం గల ఈయన గ్రంథం 'ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్' మరుసటి సంవత్సరం వెలువడింది. 1935లో ఈయన సహవ్యవస్థాపకుడుగా ఏర్పడిన వైల్డర్‌నెస్ సొసైటీ కృషితో, 1964లో సహజారణ్యాల రక్షణకు అమెరికా ప్రత్యేక చట్టం చేసింది.