కిరీటము నొల్లనివాని క్రౌను

ఇంగ్లండు దేశపు పూర్వపు నాణెములలో 1658 వ సంవత్సరపు వెండి క్రౌను మిగుల అరుదైనది. ఐదు షిల్లింగుల విలువగల యీ నాణెమునకు క్రౌను, అనగా కిరీటమని పేరు. దాని యొక వైపున రోమక చక్రవర్తివలె శిరమున ఆకులదండ దాల్చిన పురుషుని రూపమును, రెండవ వైపున కిరీటముతో గూడిన డాలును గలవు. ఆ పురుషుడు రాజు కాడు; రాజ్యకిరీటము తనకై వచ్చినను వలదన్నవాడు. అతడే ఆలివర్ క్రామ్వెల్.

క్రామ్వెల్ 1599 ఏప్రిల్ 25 వ తేదీన హంటింగ్డన్ పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదువుచుండగా 1617 లో తండ్రి మరణించుటచే చదువు మాని యింటి భారము వహించెను. నడివయసు వఱకు నతడు అంతగా పేరులేని గృహస్థుడు.

మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును 1642 లో యుద్ధము సంభవింపగా క్రామ్వెల్ పార్లమెంటు పక్షమున అశ్వికదళమును సమకూర్చెను. వంశమును గాక దైవభక్తిని, క్రమశిక్షణను జూచి మనుష్యులను చేర్చుకొనెను. 1644 లో మార్స్టన్ మూరునందును, 1645 లో నేస్బీయందును ఆ పక్షము జయించుటకు అతడు ముఖ్యకారకుడయ్యెను. 1649 జనవరి 30 న రాజునకు శిరశ్ఛేదము జరిగెను. ఆ యాజ్ఞాపత్రముపై వ్రాలు చేసిన 59 మందిలో క్రామ్వెల్ ఒకడు.

గుణములతోపాటు దోషములను జెప్పుట న్యాయము. ఆ యేటనే ఐర్లండునందలి డ్రోహెడా, వెక్స్‌ఫర్డ్ పట్టణములలో అతని సేనలు గావించిన వధ అతని పేరునకు మాయని మచ్చ. 1653 లో సైనికుల సాయమున పార్లమెంటును వెడలగొట్టి, డిసెంబరు నెలలో రాజ్యరక్షకుడను బిరుదుతో తానే పాలకుడయ్యెను. అయినను, 1290 లో బహిష్కృతులైన యూదులు మరల ఆ దేశమున నివసింపగలిగినది అతని కాలముననే.

1657 లో పార్లమెంటు అతనిని రాజుగా నుండుమని కోరెను. అనేక దినములు ఆలోచించి మే 8 న అతడు నిరాకరించెను. కాని మరుసటి యేట టామస్ సైమన్ అను శిల్పి చెక్కిన అచ్చులతో, రాజచిహ్నములు గల యీ క్రౌనులు కొలదిగా ముద్రింపబడెను. అచ్చు పగులుటచే బొమ్మ మెడకు అడ్డముగా నొక గీత పడెను.

1658 సెప్టెంబరు 3 న క్రామ్వెల్ మరణించెను. 1660 లో రెండవ చార్లెసు సింహాసన మెక్కెను. 1661 జనవరి 30 న, తండ్రి వధ జరిగిన తేదీననే, క్రామ్వెల్ కళేబరమును వెలికిదీసి ఉరివేసి శిరము ఖండించిరి. మెడపై గీత దీనికి శకునమని జనులు చెప్పుకొనిరి. అది లోహపు పగులు మాత్రమే. ఆ శిరము తుదకు 1960 లో అతడు చదివిన కళాశాలలోనే సమాధి చేయబడెను.

విద్యార్థులారా, కిరీటమును త్రోసివేయుటకు క్రామ్వెల్లునకు ధైర్యము చాలెను. అధికారమును విడుచుటకు చాలలేదు. ఈ చిన్న వెండి నాణెము ఆ రెంటికిని సాక్షి.