డ్రమ్స్‌ను వెనక కూర్చోబెట్టని హెర్బీ నికొల్స్

నల్లజాతి గొంతుల గురించి మాట్లాడుకునేటప్పుడు బిల్లీ హాలిడే పేరు తప్పకుండా వస్తుంది. 1956లో వచ్చిన ఆమె ఆత్మకథ పేరు 'లేడీ సింగ్స్ ది బ్లూస్'. అదే పేరుతో ఆమె పాట కూడా ఉంది. మాటలు ఆమెవి, బాణీ మాత్రం హెర్బీ నికొల్స్ అనే పియానో కళాకారుడిది. ఆ బాణీకి ఆయన మొదట పెట్టుకున్న పేరు 'సెరినేడ్'. పాట ప్రపంచమంతా తిరిగింది. బాణీ కట్టినవాడు పొట్టకూటి కోసం ఇతరుల బృందాల్లో పాతకాలపు డిక్సీలాండ్ సంగీతం వాయిస్తూ ఉండిపోయాడు.

నికొల్స్ 1919 జనవరి 3న న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్లు. చిన్నప్పుడే యూరోపియన్ శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశాడు. థెలోనియస్ మాంక్‌ను ఎక్కువమంది పట్టించుకోని 1940ల్లోనే ఆయన గొప్పతనం గురించి పత్రికలో రాశాడు. తన గురించి అట్లా రాసేవాళ్లు మాత్రం బతికుండగా పెద్దగా దొరకలేదు.

మామూలుగా జాజ్‌లో పియానో బాణీ నడుపుతుంటే డ్రమ్స్ వెనక నుంచి లయ పట్టుకుంటాయి. నికొల్స్ బాణీ కట్టేటప్పుడే డ్రమ్స్‌కు చోటు ఉంచేవాడు. పియానో సగం మాట చెప్పి ఆగుతుంది, మిగతాది డ్రమ్స్ చెబుతాయి. డ్రమ్ముకూ శ్రుతి ఉందని, దాని మోత పియానో స్వరాలతో కలవాలని ఆయన నమ్మకం. మా హత్నూర వైపు డప్పును మంట దగ్గర కాచి, చిర్రతో ఒక దెబ్బ వేసి విని, చాలకపోతే మళ్లీ కాచే పెద్దమనుషులను చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. డప్పుకు శ్రుతి లేదనేది దాన్ని ముట్టనివాళ్లే.

ఆయన బాణీలు ముగుస్తాయనుకున్న చోట ముగియవు. 'హౌస్ పార్టీ స్టార్టింగ్' పేరు చూసి హుషారైన పాట అనుకుంటాం. వింటే, విందుకు వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయిన మనిషి గుర్తొస్తాడు, నాకైతే. 'ది థర్డ్ వరల్డ్' అని కూడా ఒక బాణీకి పేరు పెట్టాడు.

ఏళ్ల తరబడి అడగ్గా 1955-56లో బ్లూ నోట్ కంపెనీ ఆయన్ని రికార్డు చేసింది. డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ, మాక్స్ రోచ్. రికార్డు చేసినవాటిలో కొన్నే అప్పుడు బయటికొచ్చాయి, అవీ అమ్ముడుపోలేదు. ట్రంపెట్, శాక్సఫోన్ ఉన్న పెద్ద బృందంతో తన సంగీతం రికార్డు చేసే అవకాశం ఆయనకు ఎన్నడూ రాలేదు. 1963 ఏప్రిల్ 12న లుకేమియాతో చనిపోయాడు. అప్పటికి 44 ఏళ్లు.

1966లో నల్లజాతి రచయిత ఎ.బి. స్పెల్‌మన్ తన పుస్తకంలో నలుగురు జాజ్ కళాకారుల జీవితాలు రాస్తే, అందులో ఒకటి నికొల్స్‌ది. కంపెనీ అరల్లో పడి ఉన్న రికార్డింగులు 1975లో కొన్ని, 1987లో మొత్తం బయటికొచ్చాయి. చేతిరాత బాణీలు చాలావరకు నీళ్లలో తడిసి పాడైపోయాయి. మిగిలినవాటిని ఆయన స్నేహితుడు, ట్రాంబోన్ కళాకారుడు రోస్‌వెల్ రడ్ దశాబ్దాల తర్వాత వాయించి వినిపించాడు.