కొమర్రాజు లక్ష్మణరావు గారి జీవితము – మన సైన్సు మాటలు

విద్యార్థినులారా, ఈ సంచికలో నేను కీర్తిశేషులు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారి గురించి రాస్తున్నాను. ఆయన సినిమా హీరో కాదు, యుద్ధం చేసిన రాజు కాదు. అయినా ఆయన గురించి మనం తెలుసుకోవాలె. ఎందుకంటే మనం సైన్సు తెలుగులో చదువుతున్నం.

తొమ్మిదో తరగతిలో పదార్థం గురించి పాఠం ఉన్నది. అందులో సాంద్రత, సంపీడ్యత, వ్యాపనం అని వస్తయి. లోహాల పాఠంలో స్తరణీయత, తాంతవత అని వస్తయి. ఈ మాటలు మన తాండాల ఎవ్వరూ అనరు. పక్క ఊర్ల తెలుగోళ్లు కూడా అనరు. మా యాడి, అంటే మా అమ్మ, బడికి పోలేదు. మా బా కూడా పోలేదు. ఇంట్ల గోర్ బోలి మాట్లాడుతం. బడికొచ్చినంక తెలుగు నేర్చుకున్నం. తెలుగు వచ్చింది అనుకునేసరికి సైన్సు పుస్తకంలో ఇంకో తెలుగు ఉన్నది. అది ఎక్కడి నుంచి వచ్చింది అని వెతికితే లక్ష్మణరావు గారి కాలం దాకా పోవాల్సి వచ్చింది. ఈ మాటలన్నీ ఆయన ఒక్కరే పెట్టలేదు. కానీ సైన్సు తెలుగులో ఉండాలె, ఇంగ్లీషు రానోళ్లు కూడా చదవాలె అని పట్టుబట్టి పుస్తకాలు వేయించిన మొదటి తరం పెద్దలలో ఆయన ముఖ్యులు.

ఆయన 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. మూడేండ్ల వయసులో తండ్రి చనిపోయారు. కొన్నాళ్లు భువనగిరిలో చదివారు. తర్వాత అక్క దగ్గరికి నాగపూర్ పోయారు. బావ అక్కడ ఉద్యోగం చేసేవారు.

ఈ అక్క గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆమె పేరు బండారు అచ్చమాంబ. 1874లో పుట్టారు. చిన్నతనంలోనే పెండ్లి చేశారు. బడికి పంపలేదు. తమ్ముడు ఇంట్లో కూర్చుని చదువుకుంటుంటే ఆమె పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. తమ్ముడి చదువే ఆమెకు బడి అయ్యింది. తెలుగు, హిందీ నేర్చుకుని ఇంకా వేరే భాషలు కూడా నేర్చుకున్నారు. 1902లో ధనత్రయోదశి అనే కథ రాశారు. తెలుగులో మొట్టమొదటి కథ అదే అని చాలామంది పండితులు ఇప్పుడు ఒప్పుకుంటున్నరు. గొప్ప స్త్రీల జీవితాలు సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పుస్తకం రాశారు. తన పిల్లలు చిన్నప్పుడే చనిపోయారు. 1905లో ఆమె కూడా చనిపోయారు. అప్పటికి ముప్పై ఏండ్లే. మన బడిల చాలామందిమి ఇంటికి పోయినప్పుడు చెల్లెండ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదువుతం గదా. అచ్చమాంబ గారిది అట్ల నేర్చుకున్న చదువే. తమ్ముడు మాత్రం బి.ఏ. పాసయ్యి, కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. పట్టా కూడా పొందారు.

నాగపూర్ల లక్ష్మణరావు గారు మరాఠీ బాగా నేర్చుకుని ఆ భాషలో వ్యాసాలు రాశారు. తెలుగాయన మరాఠీ రాసుడు మనకు వింత కాదు. జహీరాబాద్ సంతల నిలబడితే తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, మన గోర్ బోలి అన్నీ వినిపిస్తయి. అయితే మరాఠీ వాళ్లకు ఉన్న పుస్తకాలు తెలుగు వాళ్లకు లేవని ఆయనకు అక్కడనే తెలిసింది.

చదువు అయినంక మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా పని చేశారు. మునగాల ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్నది. అప్పుడు చుట్టూ నిజాం రాజ్యం, నడుమ ఆ పరగణా ఒక్కటే ఇంగ్లీషోళ్ల మద్రాసు రాజ్యం కింద. దీవి లెక్క అన్నట్టు. అక్కడి నుంచి హైదరాబాదుకు వస్తూ పోతూ, 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం స్థాపించారు. 1904లో హనుమకొండలో ఇంకొకటి. హైదరాబాదు గ్రంథాలయం సుల్తాన్ బజార్ల ఇప్పటికీ ఉన్నది.

ఇక్కడ ఒక సంగతి యాద్ పెట్టుకోవాలె. అప్పుడు నిజాం రాజ్యంలో కచేరీల పని, పెద్ద చదువు ఉర్దూలో జరిగేది. మన జహీరాబాద్ 1956 వరకు బీదర్ జిల్లాల ఉండె. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అక్కడ సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పారు. పుస్తకాలు అనువాదం చేయడానికి 1917లో ఒక ప్రత్యేక శాఖనే పెట్టారు. పదార్థాన్ని మాద్దా అని, సాంద్రతను కసాఫత్ అని అక్కడి వాళ్లు చదివారు. కాశీలో పండితులు 1906లోనే సైన్సు మాటల హిందీ నిఘంటువు వేశారు. అంటే ఆ ఇరవై ఏండ్లలో అన్ని భాషల వాళ్లకూ ఒకటే తిప్పలు. వస్తువు కండ్ల ముందు ఉన్నది, దాని గుణం తెలుసు, కానీ పుస్తకంలో రాయడానికి మాట లేదు.

1906లో లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, ఆచంట లక్ష్మీపతి గారు మొదలగు వారు అందులో ఉన్నారు. 1907లో వేసిన మొదటి పుస్తకం అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ జీవితం. తర్వాత మండలి మద్రాసుకు మారింది. చరిత్ర పుస్తకాలతో పాటు జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం లాంటి సైన్సు పుస్తకాలు వేశారు. కథల పుస్తకాలైతే ఎవరైనా కొంటరు. సైన్సు పుస్తకం, అదీ తెలుగులో, 1910 ప్రాంతంలో! నాకైతే అది మస్తు ధైర్యం అనిపించింది.

మాటలు పెట్టుడు ఎట్ల ఉంటదో చెప్తాను. మూడు దారులు ఉన్నయి. ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. జనం అనే మాట తీసుకోవచ్చు. లేదంటే సంస్కృతం నుంచి కొత్తది కట్టుకోవచ్చు. ఆ కాలం పండితులు ఎక్కువగా మూడో దారి పట్టారు. ఆక్సిజన్‌కు ఆమ్లజని అని పెట్టారు, అంటే ఆమ్లాన్ని పుట్టించేది అని. ఇంగ్లీషు పేరుకు అర్థం కూడా అదే. కానీ ఆ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోయిజర్ అన్ని ఆమ్లాలలో ఆక్సిజన్ ఉంటది అనుకున్నడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అసలు ఆక్సిజనే లేదు. అంటే ఆయన తప్పు కూడా తెలుగులోకి అనువాదం అయ్యింది. ఇప్పుడు మనం ఆక్సిజన్ అనే రాస్తున్నం. నత్రజని మాత్రం పోలేదు. చెరుకు రైతులు ఎరువుల దుకాణంల ఆ మాటే అంటరు.

పదార్థం అన్న మాట నాకు అన్నిటికంటె నచ్చింది. పదం, అర్థం కలిస్తే పదార్థం. ఒక పదం అంటే మనకు ఏ వస్తువు తెలుస్తదో అదే పదార్థం. ఇది కణాదుని వైశేషికం అనే పాత శాస్త్రంలోనిది. స్థితిస్థాపకత కూడా అక్కడిదే. రబ్బరు గుంజి ఇడిస్తే మళ్ల తన స్థితికి తాను వస్తది, అందుకే ఆ పేరు. పొడుగ్గున్నది కానీ విడగొట్టి చదివితే భయం పోతది. తాంతవతలో తంతువు ఉన్నది, అంటే దారం. లోహాన్ని తీగలాగ సాగదీసే గుణం. ఒక గ్రాము బంగారంతో దాదాపు 2 కిలోమీటర్ల తీగ తీయొచ్చట. స్తరణీయతలో స్తరం ఉన్నది, అంటే పొర. కొడితే రేకులాగ పరుచుకునే గుణం. మా యాడి అయితే రెండింటికీ సాగుతది అనే అంటది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలె. నాకు వచ్చింది. సాగుతది, చిక్కగున్నది, బరువున్నది అని మన మాటలు ఉన్నయి గదా, మరి ఈ సంస్కృతం ఎందుకు? సగం న్యాయమైన ప్రశ్నే. కానీ చిక్కదనం అన్న మాట తీసుకోండి. పాలు చిక్కగ, అంబలి చిక్కగ, బెల్లం పాకం చిక్కగ, ఆముదం చిక్కగ అంటం. ఇప్పుడు ఒక గ్లాసు నీళ్లల్ల ఆముదం పోయండి. పైన తేలుతది. చిక్కటిది పలుచటి దాని మీద ఎట్ల తేలింది? చిక్కదనం అన్న ఒక్క మాటలో రెండు గుణాలు దాగి ఉన్నయి కాబట్టి. ఒక ఘనపు సెంటీమీటరు జాగాల ఎంత ద్రవ్యరాశి పట్టింది అన్నది సాంద్రత. నీళ్లది 1 గ్రాము, ఆముదానిది సుమారు 0.96 గ్రాము. అందుకే తేలింది. పారేటప్పుడు పొరలు ఒకదాన్నొకటి ఎంత ఆపుకుంటయి అన్నది స్నిగ్ధత. అందులో ఆముదం నీళ్ల కంటె కొన్ని వందల రెట్లు ఎక్కువ. పాదరసం దీనికి ఉల్టా. సాంద్రత 13.6, ఇనుప మొల వేసినా తేలుతది, ఎందుకంటే ఇనుముది 7.9 సుమారు. కానీ పారుడు మాత్రం దాదాపు నీళ్లలాగనే పారుతది. కాబట్టి పాదరసాన్ని చిక్కటిది అంటే ఒక విధంగ ఒప్పు, ఒక విధంగ తప్పు. పుస్తకానికి రెండు మాటలు కావాలె.

స్నిగ్ధం అంటే నూనె జిడ్డు ఉన్నది అని అర్థం. స్నేహం కూడా ఆ మాటకు చుట్టమే, సంస్కృతంలో స్నేహం అంటే నూనె అని కూడా అర్థం ఉన్నది. అంటుకొని విడవనిది అని నేను గుర్తు పెట్టుకున్న.

అయినా మన వాళ్ల దగ్గర మాటలు లేవని మాత్రం నేను ఒప్పుకోను. మన మొగుడంపల్లి దిక్కు చెరుకు పండుతది. బెల్లం వండేటోళ్లను అడగండి, లేత పాకం, తీగ పాకం, ముదురు పాకం అని వేరు వేరుగ చెప్తరు. రెండు వేళ్ల నడుమ పట్టి చూసి పొయ్యి దించుతరు. అది స్నిగ్ధతను కొలుచుడే. థర్మామీటరు లేదు, యూనిట్ లేదు. ఇటువంటి మాటలు పాఠంలో పక్కన ఒక వరుసలో రాస్తే ఎంత మంచిగుండు! లక్ష్మణరావు గారి మండలి పుస్తకాలు గ్రాంథిక భాషలో వచ్చినయి. ఇంగ్లీషు రానోళ్లకు తలుపు తెరిచిండ్రు, నిజమే. కానీ చెరుకు గానుగ కాడి మనిషికి ఆ గ్రాంథికం కూడా ఎత్తయిన గడపే.

మళ్ల కథకు వస్తాను. మండలి పుస్తకాలతో ఆయనకు తృప్తి కాలేదు. ఇంగ్లీషు వాళ్లకు ఉన్నట్టు ప్రపంచంలోని అన్ని విషయాలు అక్షర క్రమంలో ఉండే పెద్ద గ్రంథం తెలుగుకు కావాలె అనుకున్నారు. దాని పేరు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. మద్రాసులో కూర్చుని ఆ పని మొదలుపెట్టారు. సంపాదకుడు ఆయనే, చాలా వ్యాసాలు రాసింది కూడా ఆయనే. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి లాంటి వారు సహాయం చేశారు. మూడు సంపుటాలు వెలువడినయి. మూడూ కలిపితే పూర్తయింది ఒక్క అ అక్షరమే. మన అక్షరమాలల అక్షరాలు 56. లెక్క వేసి చూడండి. అణువు, అయస్కాంతం, అలోహం అ దగ్గర వస్తయి. ఘన, ద్రవ, వాయువుల దాకా రావాలంటే ఎన్ని సంపుటాలు కావాలె!

పని మధ్యలో ఆగిపోయింది. ఆరోగ్యం కూడా చెడింది. 1923లో మళ్లీ ఆ పని చేపట్టారు గానీ ఆ సంవత్సరం జూలై 12న మద్రాసులో చనిపోయారు. వయసు 46. ఆ అక్షరం పక్కనే ఉన్నది, ఆ దాకా పోలేదు. తర్వాత 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ సర్వస్వాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమి పెట్టినంక కాలేజీ సైన్సు పుస్తకాలు, పారిభాషిక పదాల పుస్తకాలు వరుసగా వచ్చినయి.

లక్ష్మణరావు గారు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నారు. ఆ చిన్న అచ్చమాంబ గారు డాక్టరు అయ్యి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. అక్షరాలు దొంగచాటు లెక్క నేర్చుకున్న మేనత్త పేరు పార్లమెంటు రిజిస్టర్ల ఎక్కింది.

ఈ వ్యాసం కింద ఒక చార్టు అంటించాను. ఎడమ దిక్కు పుస్తకం మాట, నడుమ ఊరి తెలుగు మాట, కుడి దిక్కు గోర్ బోలి మాట. సాంద్రత, స్నిగ్ధత, స్థితిస్థాపకత, తాంతవత, స్తరణీయత అని అయిదు వరుసలు గీసిన. ఊరి మాటలు నాలుగు దొరికినయి. గోర్ బోలి గడులు ఖాళీగ ఉన్నయి, ఒక్కొక్క తాండాల ఒక్కొక్క తీరుగ అంటరు కాబట్టి నేను ఒక్కదాన్నే నింపలేదు. దసరా సెలవులకు పోయినప్పుడు ఇంట్ల పాకం చూపించి, తీగ గుంజి చూపించి, ఏమంటరో అడిగి రండి. పెన్సిలు దారంతో కట్టి మొలకు వేలాడదీసిన.