కాటన్ దొర - కడపసీమ

చక్రాయపేట ప్రాంతమున, గండి వీరాంజనేయస్వామి సన్నిధిని, పాపఘ్ని కొండలను చీల్చుకొని వెలికి వచ్చును. కొండలను చీల్చినంతటి బలముగల నదియే సంవత్సరములో పెక్కు మాసములు వట్టి యిసుకపాన్పై పడియుండును. అట్టి యేటి యిసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని ముంతలతో తోడి కడవలు నింపుకొనుట ఈ సీమ స్త్రీలు తరతరములుగా ఎరిగిన పని. గోదావరీ తీరమున పురోహితులు స్నానసంకల్పమున కాటన్ దొరను స్మరించుట కలదని వినునప్పుడు ఈ సీమవాసికి ఒక ప్రశ్న తోచుట సహజము. ఆ దొర మాకేమి చేసెను? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము ఆయన చరిత్రమునందే కలదు. గోదావరి ఆయన జయమును చెప్పును. కడప ఆయన అపజయమును చెప్పును. రెండును వినినవారికే ఆ మనుష్యుడు తెలియును.

ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీని ఇంగ్లండులో జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదవవాడు. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి, ఇంజనీరుగా శిక్షణమొంది, ఇరువదియేండ్లు నిండకమునుపే చెన్నపట్టణమునకు వచ్చెను. ఆయన వచ్చినది మనలను ఉద్ధరించుటకు కాదు, కంపెనీ కొలువు చేయుటకు. బర్మా యుద్ధమునందు కంపెనీ పక్షమున పోరాడెను కూడ. తన జాతి ఏలుబడి ధర్మమైనదను నమ్మకమును, తన మతమునందలి నిష్ఠను ఆయన తుదివరకు విడువలేదు. ఈ సంగతులను మరుగుపరచి ఆయనను దేవునిగా నిలుపుట మాకు సమ్మతము కాదు. కాని కొలువునకు వచ్చినవారందరును ఒకే తీరున కొలువు చేయరు. ఈ నేలను కొందరు శిస్తు లెక్కలలో చూచిరి. కాటన్ దీనిని నీటి వాలులో చూచెను.

ఆయనకు గురువైనది ఏ పాశ్చాత్య గ్రంథమును కాదు, కావేరి. ఆ కాలమున కావేరీజలము అంతకంతకు కొల్లిడము పాయలోనికి జారిపోవుచుండగా తంజావూరు మాగాణములు ఎండజొచ్చెను. కాటన్ కొల్లిడముపై రెండు ఆనకట్టలు కట్టించి 1836 నాటికి ఆ యాపదను మాన్పెను. అంతకుమునుపే ఆయన, కరికాలచోళుని పేర ప్రసిద్ధమైన కల్లణను శ్రద్ధతో పరిశీలించెను. ఎంత త్రవ్వినను రాయి తగులని యిసుకనేలపై పునాది నిలుచుట యెట్లు? పెద్ద బండలను ఇసుకలో పడవైచిన అవి క్రుంగును. వానిపై మరికొన్ని వైచిన అవియు కొంత క్రుంగును. తుదకు ఇక క్రుంగని స్థితి యొకటి వచ్చును. అదియే పునాది. శతాబ్దములకు పూర్వము పేరు తెలియని మన పనివారు కనిపెట్టిన ఈ యుపాయమును తాను వారియొద్దనే నేర్చితినని ఒప్పుకొనుటకు కాటన్ సిగ్గుపడలేదు. పాలితజాతికి విద్య యేదియు లేదని తలచు ఏలికలు నిండియున్న ఆ దినములలో ఇది సామాన్యగుణము కాదు.

మరియొక విశేషము కలదు. చెన్నపట్టణ సమీపమున ఎర్రకొండలనుండి రాతిని చేరవేయుటకు 1837లో వేసిన పట్టాలబండి దారి ఈ దేశమునందు మొట్టమొదటిది. దానిని వేయించినవాడు కాటనే. రైలుకంటె కాలువ ముఖ్యమని తరువాత జీవితాంతము వాదించినవాడు రైలు నెరుగనివాడు కాడు.

ఎండలలోను, జ్వరముల నడుమను చేసిన చాకిరివలన ఆయన ఆరోగ్యము పలుమారులు చెడెను. విశ్రాంతికై టాస్మేనియా ద్వీపమునకు పోయి, అచ్చట 1841లో ఎలిజబెత్ లెర్మంతును వివాహమాడెను. మరుసటి సంవత్సరము వారికి కుమార్తె కలిగెను. ఆమెకును తల్లి పేరే పెట్టిరి. భార్యాబిడ్డలు గలవాడు, దేహము సన్నగిల్లినవాడు, స్వదేశమునకు మరలిపోయినను తప్పు పట్టువారు లేరు. కాటన్ కుటుంబముతో తిరిగి తెలుగునాటికే వచ్చెను.

అప్పటికి గోదావరీమండలము నందనకరవున చితికియుండెను. 1832, 33 సంవత్సరములనాటి ఆ కరవున గుంటూరు మొదలగు సీమలలో ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. అంతటి నది కన్నులయెదుటనే సముద్రములో కలియుచుండగా దాని యొడ్డుననే జనము ఆకలికి చచ్చుట కాటనునకు సహింపరాని వింతగా తోచెను. ఆయన నివేదికలు వ్రాసి, కంపెనీవారిని ఒప్పించి, 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభించెను. నది అచ్చట నాలుగు పాయలై పారును; ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా రెండు మైళ్లకు పైబడిన రాతికట్టు 1852 నాటికి లేచెను. వేలకొలది కూలీలను సమకూర్చి పని నడపిన వీణం వీరన్నను ఈ సందర్భమున మరచుట కృతఘ్నత. జబ్బుచేత కాటన్ పని విడిచి పోవలసివచ్చినప్పుడు కెప్టెన్ ఆర్ ఆ భారమును మోసెను. ఆ ఆర్ చేతిమీదుగనే బెజవాడ కృష్ణానకట్టయు 1855 నాటికి పూర్తియయ్యెను. నేడు గోదావరీడెల్టాలో సుమారు పది లక్షల యెకరములకు నీరందుచున్నది. పాత కట్టకు మారుగా కట్టిన బరాజునకు 1982లో కాటన్ పేరే పెట్టుట తెలుగువారి మనస్సును తెలుపును.

ఇక మన సీమ మాట. తుంగభద్రకు కర్నూలుకు ఎగువన సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి, కాలువను పెన్నా లోయలోనికి మరల్చి, అటనుండి నెల్లూరు తీరమువరకు పడవలు నడుచునట్లు చేయవలెనని కాటన్ సంకల్పించెను. ఎడారియగుచున్న దత్తమండలములకు నీరును, సరకుల రవాణాయు ఒకేమారు సమకూరవలెనని ఆయన ఆశ. ప్రభుత్వము ఆ పనిని తాను చేయక లండనులో వాటాలు అమ్మిన మద్రాసు నీటిపారుదల కంపెనీకి అప్పగించి, పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి ఐదు చొప్పున వడ్డీకి పూచీపడెను. లాభము రానిచో ఆ వడ్డీ యెవరు చెల్లింపవలెను? ఈ దేశపు రైతే. నష్టభయము లేని ధనమునకు పొదుపు తెలియదు. 1863లో త్రవ్వనారంభించిన కాలువ వ్యయము పూచీసొమ్మును మించి, హిందరిని దాటి, నంద్యాల మీదుగా, కుందేటి లోయవెంబడి కడపకు చేరి ఆగిపోయెను. నెల్లూరు మాట కలగానే మిగిలెను. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు పండించుకొను రైతు క్రొత్త నీటిపన్నునకు జంకెను. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను.

ఈ యపజయమున కాటనునకు పాలు లేదని మేము చెప్పజాలము. ఆయన అంచనాలు ఆశకు లోబడినవి. డెల్టాలో వరి పండించువాని మనస్సు తెలిసినంతగా మెట్టరైతు మనస్సు ఆయనకు తెలియలేదు. అయినను కాలువ వ్యర్థమని తీర్పు చెప్పినవారికి 1876లో వచ్చిన ధాతకరవే ప్రత్యుత్తరమిచ్చెను. బళ్లారి, కర్నూలు, కడప మండలములు శ్మశానములైన ఆ దినములలో, నీటిని నిరాకరించిన రైతులే కాలువ నీటికై ఎగబడిరి. కాలువ చేరని పాపఘ్ని వంటి తావులకు ఆ దిక్కును లేకపోయెను.

1860లో కొలువు విడిచి, మరుసటి యేట సర్ బిరుదమొంది స్వదేశమున నున్న కాటన్ ఆ కరవు వార్తలు విని ఊరకుండలేదు. డెబ్బదియేండ్లు పైబడిన వయస్సున కరపత్రములు వ్రాసెను, సభలలో మాటలాడెను. రైళ్లకు కోట్లు కుమ్మరించి కాలువలకు పిడికెడు విదల్చుట ప్రాణములతో చెలగాటమని వాదించెను. ఫ్లారెన్సు నైటింగేలు ఆయన పక్షము వహించెను. 1878లో పార్లమెంటు విచారణసంఘమెదుట ఆయన సాక్ష్యమిచ్చినప్పుడు దుబారామనిషియని, పిచ్చివాడని యెంచినవారే పెక్కుండ్రు. ఆయన తగ్గలేదు. తరువాత రమేశచంద్ర దత్తు మన దేశపు ఆర్థికచరిత్రమును వ్రాయునప్పుడు, రైలు కంటె కాలువ ముందని చూపుటకు ఈ ఆంగ్లేయునే ప్రమాణముగా గైకొనెను.

వార్ధకమున డార్కింగు పట్టణమున తన యింటితోటలోనే లోతుగా నేల త్రవ్వి పైరు పెంచు ప్రయోగములు చేయుచు, భార్యతో కాలము గడపి, 1899 జూలై 24వ తేదీని, తొంబదియాఱేండ్ల వయస్సున కన్నుమూసెను. మరుసటి యేట కుమార్తె ఆయన చరిత్రమును ప్రకటించెను. కరవుల నివారణమును గూర్చి విలియం డిగ్బీ వ్రాసిన ప్రకరణములు అందు చేరినవి. తండ్రి కథను చెప్పబూనిన బిడ్డ పుస్తకమున మన కరవుల కథ కూడ ఇమిడియుండుటను మించిన స్మారకచిహ్నము ఆయనకు లేదని మా తలంపు.

కాబట్టి, కాటన్ మాకేమి చేసెనని అడుగు కడపసీమవాసికి మేము చెప్పునది యిది. ఆయన మీకు నీరంతయు ఇయ్యలేదు. నీరు మీ హక్కని మీకంటె ముందు ఏలికల ముఖముననే చెప్పెను. పరాయివాడని ఆయనను త్రోసివేయుట ఎట్లు తగదో, ఆయన సేవను చూపి పరప్రభుత్వమును మెచ్చుకొనుటయు అట్లే తగదు. ఏలయన ఆయన తన జీవితార్ధమును ఆ ప్రభుత్వముతో పోరాడుటయందే గడపెను. నీటిని వడ్డీవ్యాపారమునకు అప్పగించిన నాడు అంతటి ఇంజనీరు సంకల్పమును సగములో ఆగిపోయినది. స్వరాజ్యము వచ్చినది, ఏలికలు మనవారే. పాపఘ్ని యిసుకలో చెలమ త్రవ్వు స్త్రీకి ఇక సమాధానము చెప్పవలసినది కాటన్ కాదు, మనమే.