డాక్టర్ అబ్దుల్ హక్

తుంగభద్రా హంద్రీ నదుల సంగమమున వెలసిన కర్నూలు పట్టణము 1839వ సంవత్సరము వఱకు నవాబుల యేలుబడిలో నుండెను. ఆ యేలుబడి అంతరించిన పిదపను ఆ పట్టణపు వీథులలో తెలుగును ఉర్దూయు ప్రక్కప్రక్కనే వినవచ్చుచుండెను. నదులు రెండున్నను చుట్టునున్నది మెట్టపొలముల సీమ. వానలు తప్పిన యేట జొన్నచేలతో పాటు పిల్లల చదువులును ఎండిపోవుచుండెను. ఇట్టి పట్టణమునుండి బయలుదేరి ఆక్స్‌ఫర్డు వఱకు పోయి, మరల తమ యూరివైపు చూచిన విద్వాంసులు డాక్టర్ అబ్దుల్ హక్ గారు.

ఇదే పేరుగల మఱియొక పండితుడు కలడు. ఉర్దూ నిఘంటు నిర్మాతయై బాబా-యె-ఉర్దూ అని ప్రసిద్ధికెక్కిన మౌల్వీ అబ్దుల్ హక్ వేఱు, కర్నూలు హక్ గారు వేఱు. ఉస్మానియా యను పేరు ఇరువురి చరిత్రలలోను వచ్చుటచే పెద్దలు సైతము పొరబడుచుందురు.

హక్ గారు అరబీ విద్యలో ఆరితేరి మద్రాసు విశ్వవిద్యాలయమువారి అఫ్జల్-ఉల్-ఉలమా పట్టమును పొందిరి. పండితులలో శ్రేష్ఠుడని దాని యర్థము. అంతటితో తృప్తి చెందక ఇంగ్లండునకు పోయి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డి.ఫిల్. పట్టమును గ్రహించిరి. ఆ కాలమున మద్రసాలో చదివినవారు ఇంగ్లీషు కళాశాల గడప త్రొక్కుట అరుదు. ఇంగ్లీషు చదివినవారు అరబీ గ్రంథము విప్పుట అంతకన్న అరుదు. హక్ గారికి ఆ రెండు వాకిళ్లును తెరచియే యుండెను.

స్వదేశమునకు వచ్చి మద్రాసులో ఆచార్యులైరి. గవర్నమెంటు మహమ్మదన్ కళాశాలకును, ప్రఖ్యాతిగన్న ప్రెసిడెన్సీ కళాశాలకును ప్రిన్సిపాలుగా నుండిరి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమున ప్రో-వైస్ ఛాన్సలరు పదవిని నిర్వహించిరి. ఈ పదవులు గొప్పవే. కాని కర్నూలు ప్రజలు వారిని తలచుకొనునది వీటిని బట్టి కాదు.

అప్పటి కర్నూలు విద్యార్థి స్థితి యెట్టిది? హైస్కూలు ముగించిన పిదప అనంతపురమున 1916లో స్థాపింపబడిన దత్తమండల కళాశాలకో, 1915లో వెలసిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకో, కాదేని మద్రాసునకో పోవలసి యుండెను. రైలు ఖర్చు, హాస్టలు ఖర్చు, పుస్తకముల ఖర్చు! భూవసతి గలవారి బిడ్డలు పోగలిగిరి. చిల్లర వ్యాపారము చేసికొనువాని కుమారుడు, చేతిపనితో పొట్ట పోసికొనువాని కుమారుడు ఎంత తెలివిగలవాడైనను ఇంటనే నిలిచిపోయెను. ఇక ఆడుపిల్లల మాట చెప్పనక్కఱలేదు.

ఈ కొఱతను తీర్చుటకు హక్ గారు 1947లో కర్నూలున ఉస్మానియా కళాశాలను స్థాపించిరి. ఆ సంవత్సరమును గమనింపవలెను. దేశము రెండుగా చీలినది. ఉత్తరదేశమున లక్షలమంది ఇండ్లు విడిచి పోవుచుండిరి. మతము పేర మనిషిని మనిషి అనుమానించుచున్న కాలమది. అట్టి వేళ ముస్లిములలో విద్యావ్యాప్తికై తలపెట్టిన కళాశాల తలుపులను తమవారికి మాత్రమే తెరచి, మిగిలినవారికి మూసియుంచుట ఎవరికైనను సులభముగా తోచెడిది. హక్ గారి కళాశాల అట్లు చేయలేదు. హిందువుల బిడ్డలును ముస్లిముల బిడ్డలును అచట ఒకే బల్లపై కూర్చుండి చదివిరి. ఒక కళాశాలతో సీమ దారిద్ర్యము తీఱునని కాదు; అయినను పట్టభద్రుడగుటకు ఊరు విడువనక్కఱ లేకుండుట పేదవాని కెంత మేలో, ఊరు విడువలేక చదువు మానినవానికే తెలియును.

ఆ కళాశాల మొదట మద్రాసు విశ్వవిద్యాలయమునకు లోబడి యుండెను. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మేర్పడుటతో సీమకు సొంత విశ్వవిద్యాలయము లభించెను. 2008లో కర్నూలుననే రాయలసీమ విశ్వవిద్యాలయము వెలసెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. ప్రాథమిక పాఠశాల మొదలు ఉర్దూలో చదివిన పిల్లవానికి కళాశాలలోని పాఠము పరభాషయగుచుండెను. తెలివి తక్కువై కాక, మాట తెలియక వెనుకబడిన వారెందఱో! 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కర్నూలునకు ఉర్దూ విశ్వవిద్యాలయము నొకదానిని మంజూరు చేసి, దానికి డాక్టర్ అబ్దుల్ హక్ గారి పేరు పెట్టెను. సొంత భవనములు లేకుండుటచే తొలి తరగతులు హక్ గారు నెలకొల్పిన ఉస్మానియా కళాశాల ఆవరణముననే జరిగెను. నంద్యాలకు పోవు దారిలో, వింత రాళ్లగుట్టలకు పేరుపొందిన ఓర్వకల్లున ఆ విశ్వవిద్యాలయమునకు స్థలము కేటాయింపబడెను.